అత్తగారి ఇంటిపేరు వెనుక దాగిన పేరు

కెనడాలోని మాంట్రియల్‌లో మా అత్తగారి పూర్వీకుల కోసం నాలుగు నెలలుగా వెతుకుతున్నాను. ఫ్రెంచి వలస కాలపు చర్చి రిజిస్టర్లు భద్రంగా ఉండటంతో 1720ల దాకా సాఫీగానే వెళ్లాను. అక్కడ ఇంటిపేరు మాయమైంది. తండ్రికి ఒక పేరు, కొడుక్కి మరొకటి. వేరే కుటుంబమేమో అనుకుని ఎన్నో రాత్రులు వదిలేశాను.

నిన్న ఒక పెళ్లి నమోదులో రెండు పేర్లూ పక్కపక్కనే కనిపించాయి, మధ్యలో 'ది' (dit) అనే చిన్న ఫ్రెంచి మాటతో. అంటే 'అనబడే' అని. 1665లో ఫ్రాన్స్ నుంచి కరిన్యాన్-సాలియేర్ అనే సైనిక దళంతో వచ్చిన సైనికుల్లో చాలామందికి ఇలాంటి మారుపేర్లే ఉండేవి. లఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసి అంటే చీకూచింతా లేనివాడు. యుద్ధానికి వచ్చినవాడికి పువ్వు పేరు! పిల్లల్లో కొందరు అసలు పేరు, కొందరు మారుపేరు ఉంచుకునేవారు. అన్నదమ్ముల ఇంటిపేర్లే వేరైపోయేవి.

జ్ఞానస్నానపు పేర్లలో అబ్బాయిలకు 'జోసెఫ్', అమ్మాయిలకు 'మారీ' అనే పేర్లు తరచుగా ముందు చేరేవి, ఇంట్లో పిలిచే పేరు చివర ఉండేది.

నన్ను కదిలించింది మాత్రం ఆడవాళ్ల పేర్లు. పెళ్లయినా, పదిమంది పిల్లల్ని కన్నా, రిజిస్టర్లలో వారు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉన్నారు. అందుకే తల్లుల వైపు వంశం కూడా ఇంత స్పష్టంగా దొరుకుతోంది. మా అమ్మ పెళ్లితో ఇంటిపేరు మార్చుకుంది. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకు తెలియదని అప్పుడే గుర్తొచ్చి గుండె బరువెక్కింది.

రేపు పొద్దున్నే అమ్మకు ఫోను చేసి అడగాలి.