పాప బర్త్ సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు కోసం

తప్పు దిద్దిన సర్టిఫికెట్ ఈమధ్యే చేతికొచ్చింది. తల్లి పేరు దగ్గర నా ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు, నా ఇంటిపేరుతోనే ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. విశాఖలో పురుడు పోసుకోబోయేవాళ్లు ముందే చదువుకుంటే మంచిది.

పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు. టెన్త్ మార్కుల లిస్టు, పాన్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉన్నాయి. నేను చేరిన ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో ఆధార్ జిరాక్సు తీసుకుని కూడా, కేస్ షీట్ మీద నా పేరుకి ముందు మా ఆయన ఇంటిపేరు తగిలించారు. పుట్టిన వివరాల ఫారం ఆ కేస్ షీట్ చూసే నింపుతారు. అక్కడ పడిన పేరే రిజిస్ట్రారు దగ్గరికి పోతుంది, సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది. అందుకే నొప్పులొచ్చి చేరేటప్పుడు పక్కనున్న అమ్మో, అత్తగారో, ఆయనో ఎవరైనా సరే, కేస్ షీట్ మొదటి పేజీలో తల్లి పేరు, తండ్రి పేరు, అడ్రసు ఆధార్‌తో పోల్చి చదవాలి. డిశ్చార్జి రోజున బిల్లు కట్టే ముందు పుట్టిన వివరాల ఫారం కూడా అడిగి చూడాలి. బిల్లు కట్టేశాక మనల్ని పట్టించుకునేవాళ్లుండరు.

రిజిస్ట్రేషన్ తేలికే. 21 రోజుల్లోపు అయితే ఆసుపత్రివాళ్లే పంపుతారు, రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో అవుతుంది, ఏడాది లోపు పైఅధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. బారసాల కాలేదని రిజిస్ట్రేషన్ ఆపకండి. పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు, 12 నెలల లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకు. ఇంకొకటి: బిడ్డ పుట్టిన ఊరు ఏదైతే రిజిస్ట్రారు అక్కడి వాళ్లే. కాపురం మధురవాడలో ఉన్నా, తొలి కాన్పుకి పుట్టిల్లని విజయనగరం వెళ్తే సర్టిఫికెట్ విజయనగరంలోనే. ఇక్కడి సచివాలయం చుట్టూ తిరిగితే లాభం లేదు.

పాప పేరు చేర్పించడం ఒక్క దరఖాస్తుతో అయిపోయింది. నా పేరు సరిచేయించడమే ప్రాణం తీసింది.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లోది. దాని 15వ సెక్షన్ ప్రకారం తప్పు పడిన నమోదును రిజిస్ట్రారు సరిచేయొచ్చు. పాత ఎంట్రీని కొట్టేయరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం, తేదీ వేస్తారు. నిబంధనల్లో తప్పులు రెండు రకాలు. అచ్చుతప్పులాంటిదైతే రిజిస్ట్రారే విచారించుకుని దిద్దొచ్చు. అసలు విషయమే తప్పు పడిందంటే, సంగతి తెలిసిన ఇద్దరు నమ్మకస్తులు తప్పేంటో, నిజమేంటో రాసిచ్చిన డిక్లరేషన్ కావాలి. మరి నా పేరుకి వేరే ఇంటిపేరు తగిలించడం ఏ రకం? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరక్క ఆఫీసుకీ ఆసుపత్రికీ మధ్య తిరిగాను. ఆఫీసువాళ్లు "ఆసుపత్రి పంపిందే ఎక్కించామమ్మా, వాళ్లనే అడగండి" అంటారు. ఆసుపత్రి రికార్డుల గదిలో ఆయన "మేం పంపేశాం కదమ్మా, ఇంక మా చేతిలో ఏటీ లేదు" అంటాడు. పైగా ఒక సలహా: "ఆధార్‌లో మీ పేరే మార్పించేసుకోండి, ఈజీగా అయిపోద్ది." రాసింది వాళ్లు, మారాల్సింది నేనట! టెన్త్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి బ్యాంకు వరకు అన్నీ మార్చుకోవాలి, వాళ్లు మాత్రం ఒక్క ఉత్తరం టైపు చేయలేరు. ఆడవాళ్ల ఇంటిపేరంటే పెన్ను పట్టుకున్నవాళ్ల ఇష్టం అనుకునే రోజులు ఇంకా పోలేదు.

చివరికి పని చేసిన కాగితాలు ఇవి. మొదటిది ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం. అందులో ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ప్రసవం తేదీ, సమయం, ఇప్పుడు నమోదైన పేరు, ఆధార్ ప్రకారం ఉండాల్సిన పేరు, పొరపాటు తమ రికార్డులోదేనన్న ఒక్క వాక్యం ఉండాలి, కింద మెడికల్ సూపరింటెండెంటు సంతకం, సీలు. ఆ ఒక్క వాక్యం రాయడానికే వాళ్లు ఏడుస్తారు. ముసాయిదా మనమే టైపు చేయించి తీసుకెళ్లి ఎదురుగా కూర్చోవడమే మార్గం. దీంతో పాటు కేస్ షీట్ మొదటి పేజీ, డిశ్చార్జి సమ్మరీ కాపీలు, నా టెన్త్ మార్కుల లిస్టు, ఇద్దరి ఆధార్‌లు, మ్యారేజి సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్. ఏ రకం తప్పన్న గొడవే రాకుండా మా పిన్ని చేత, పై అంతస్తు ఆంటీ చేత విడివిడిగా డిక్లరేషన్లు రాయించి, వాళ్ల ఆధార్ జిరాక్సులు కూడా జతచేశాను. తమకు ఎలా తెలుసో వాళ్లు రాయాలి. "ప్రసవమప్పుడు దగ్గరున్నాను" అంటే చాలు. దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు లేకుండా కౌంటరు వదలకండి.

ఆఫీసు బయట "మేం చూసుకుంటాం" అనే బ్రోకర్లకి డబ్బులివ్వకండి. వాళ్లు కూడా చివరికి ఆసుపత్రి ఉత్తరమే తెమ్మంటారు. మా ఆయన ఇచ్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఫైలు నేనే కట్టాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కాగితం పని ఎవరికొచ్చినా ముందు మా గుమ్మం ఎక్కుతున్నారు.

ఇంత పట్టుదల ఎందుకు, తండ్రి ఆధార్‌తో పాప ఆధార్ చేయించేయొచ్చుగా అన్నారు చాలామంది. చేయించొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకి అమ్మానాన్నల్లో ఎవరి ఆధార్ అయినా సరిపోతుంది, బర్త్ సర్టిఫికెట్‌లో వాళ్ల పేరు వాళ్ల ఆధార్‌తో కలవాలి, అంతే. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. స్కూలు, పాస్‌పోర్టు, రేపు ఓటరు లిస్టు అన్నిటికీ ఇదే చూస్తారు. బడికెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడేది తల్లి ఖాతాలో. స్కూల్లో తల్లి పేరు ఒకటి, ఖాతాలో ఇంకొకటి అయితే అప్పుడు మళ్లీ పరుగులు. స్కూలు పిల్లలకిచ్చే అపార్ ఐడీల కోసం పేర్లు కలవక ఆధార్ కేంద్రాల ముందు జనం బారులు తీరడం చూశాం కదా.

పాప ఆధార్ మాత్రం సుఖంగా అయింది. ఐదేళ్లలోపు వేలిముద్రలు, కంటిపాప స్కాన్ ఉండవు. ఫొటో ఒక్కటే, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు, కళ్లు తెరిచి ఉండాలి. కాబట్టి నిద్రవేళకి కాకుండా పాలు పట్టి తీసుకెళ్లండి. వేలిముద్ర తల్లో తండ్రో వేయాలి. కొత్త ఆధార్ ఉచితం, అడిగినా ఇవ్వకండి. సబ్మిట్ నొక్కే ముందు మనవైపు ఉన్న స్క్రీన్‌లో తెలుగు పేరు చూడండి. వాళ్లు ఇంగ్లీషులో కొడితే తెలుగు దానంతటదే వస్తుంది, హర్షిత కాస్తా హర్శిత అయిపోతుంది. అక్కడే దిద్దమంటే నిమిషం పని, తర్వాత అయితే రుసుము. ఇంటిపేరు పొట్టి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టుకి పొట్టక్షరాలు ఒప్పుకోరు. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, ఫొటో మళ్లీ ఇవ్వాలి, పదిహేనేళ్లకి ఇంకోసారి. ఏడేళ్లు దాటినా చేయించకపోతే ఆధార్ నిలిచిపోవచ్చు.