నీలం వెలిసిపోతే పని అయినట్టు కాదు

ఇనుము, సెలీనియం కలిసిన ఐరన్ సెలెనైడ్ 8 కెల్విన్ (సుమారు మైనస్ 265 డిగ్రీల సెల్సియస్) దగ్గర అతివాహకం అవుతుంది, అంటే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాని పొరల మధ్య లిథియం, అమ్మోనియా దూర్చితే అదే 43 కెల్విన్‌కు ఎగబాకుతుందని 2012లో తేలింది. చదివినప్పుడు వారం పని అనుకున్నాను. నాకు మూడు నెలలు పట్టింది.

ముందు ఐరన్ సెలెనైడే మొరాయించింది. ఇనుప పొడి, సెలీనియం క్వార్ట్జ్ గొట్టంలో సీలు చేసి కాల్చి, కొలిమిని తీరిగ్గా చల్లారనిస్తే అక్కర్లేని షట్కోణ స్ఫటిక రూపం కూడా వచ్చి కూర్చుంది. 400 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచి, గొట్టాన్ని చుయ్యిమని నీళ్లలో పడేస్తే అప్పుడు కుదిరింది.

అసలు ముచ్చట అమ్మోనియాది. డ్రై ఐస్‌లో పెట్టిన ఫ్లాస్కులోకి వాయువు వదిలితే గోడల మీద చుక్కలు కట్టి జారింది. లిథియాన్ని తాకగానే సిరా ఒలికినట్టు ముదురు నీలం. కరిగిన ఎలక్ట్రాన్ల రంగు అది, ఎన్నిసార్లు చూసినా చూడాలనిపిస్తుంది. అరగంటలో వెలిసిపోయింది. ఎలక్ట్రాన్లన్నీ పొరల్లోకి చేరాయని మురిసిపోయాను.

అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది, అప్పుడు అయస్కాంత కొలత గీత సున్నా కిందికి పడుతుంది. నా కొలతలో 43 కెల్విన్ దగ్గర కనపడీ కనపడని వంకర. 8 దగ్గర మాత్రం గీత నిట్టనిలువుగా పడింది. అంటే పొడిలో చాలా భాగం అలాగే ఉంది.

మా మేడమ్ గ్రాఫు చూసి, "నీలం పోయిందంటే లిథియం అయిపోయిందనే. ఎక్కడికి పోయిందో అది చెప్పదు కదమ్మా" అన్నారు. మిగిలిపోయిన ఇనుము ఉత్ప్రేరకంలా పనిచేసి, లిథియాన్ని అమ్మోనియాతో కలిపి అమైడ్ అనే సమ్మేళనంగా మార్చేస్తోంది, హైడ్రోజన్ పోతోంది. కొంత అమైడ్ పొరల మధ్య ఉండేదే, కానీ నా లిథియం బయటే ఖర్చయిపోయింది.

ఈసారి పొడిని బాగా నూరాను, లిథియాన్ని గ్లోవ్ బాక్సులో (గాలి చొరబడని పెట్టెలో) అప్పటికప్పుడు కోశాను, అమ్మోనియాను ముందు సోడియం మీద ఆరబెట్టాను. శాంపిల్‌కు గాలి తగలకుండా సన్నని గాజు గొట్టంలో సీలు చేసి ఎక్స్-రే తీస్తే, పాత పొరల ఎడాన్ని చూపే 16 డిగ్రీల దగ్గరి శిఖరం దాదాపు పోయి 10.7 దగ్గర కొత్తది లేచింది. పొరల ఎడం 5.5 నుంచి 8.3 ఆంగ్‌స్ట్రాంలకు (ఆంగ్‌స్ట్రాం అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) పెరిగింది.

రాత్రి కొలత. వేడెక్కిస్తూ పోతే గీత కిందే పాకి పాకి, 40 దాటాక పైకి లేచింది. సున్నా దగ్గర ఆగకుండా ఇంకా పైకెళ్లింది. అలా పైకి లాగింది మిగిలిన ఇనుము అయస్కాంతత్వమే. ఇనుము ఇంకా పూర్తిగా వదల్లేదు.