బీచ్ రోడ్డు మీద సైకిల్ అమరిక: నా అనుభవం

విశాఖపట్నం బీచ్ రోడ్డులో భీమిలి దాకా సైకిల్ మీద వెళ్లి రావడం నాకు చాలాకాలంగా అలవాటే అయినా, ఒక దశ తరువాత నా వేగమూ దమ్మూ రెండూ పెరగడం ఆగిపోయాయి. ఇంకా ఎక్కువ దూరం తొక్కమని మిత్రులు సలహా ఇచ్చారు గానీ, ఊపిరి ఆడకపోవడం కంటే ముందే మోకాలి చిప్ప దగ్గర నొప్పి నన్ను ఆపేస్తున్నందున, ముందుగా సైకిల్‌ను నా శరీరానికి తగినట్లు అమర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఏ మార్పు ఎంత మేలు చేసిందో తెలియాలంటే దారి, వేళ, శ్రమ ఒకేలా ఉండాలి. అందుకని తెల్లవారుజామున జోడుగుళ్లపాలెం నుంచి రుషికొండ మీదుగా మంగమారిపేట వరకు వెళ్లి రావడాన్ని పరీక్షగా పెట్టుకుని, ఛాతీకి గుండె వేగాన్ని కొలిచే బెల్టు కట్టుకుని, ఆ వేగాన్ని నిమిషానికి 140 దగ్గర నిలుపుతూ, పట్టిన సమయాన్ని రాసుకున్నాను. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి వేసవిలో నైరుతి గాలి భీమిలి వైపు వెళ్లేటప్పుడు వెన్ను తట్టి, తిరుగు ప్రయాణంలో ఎదురు నిలుస్తుంది. పోయేటప్పుడు కలిసివచ్చిన సమయం కంటే వచ్చేటప్పుడు పోగొట్టుకునేదే ఎక్కువ. పైగా ఉక్కపోత ఎక్కువైన రోజున అదే వేగానికి గుండె మరింత కొట్టుకుంటుంది. గాలి బలంగా ఉన్న రోజుల లెక్కలను, బాగా ఉక్కగా ఉన్న రోజుల లెక్కలను నేను పోలికకు తీసుకోలేదు.

మొదట సీటు ఎత్తు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి ఆనించి, నేల నుంచి దాని పై అంచు వరకు కొలిస్తే నాకు 79 సెంటీమీటర్లు వచ్చింది. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రం ప్రకారం దానిని 0.883తో గుణిస్తే, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు సుమారు 69.8 సెంటీమీటర్లు. నా సీటు అంతకంటే బాగా కిందికి ఉంది. సీటు తక్కువైతే మోకాలు అతిగా ముడుచుకుని ముందు భాగంలో నొప్పి పుడుతుంది. ఎక్కువైతే మోకాలి వెనుక లాగుతుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది. సూత్రం చెప్పిన ఎత్తుకు ఒకేసారి పెంచకుండా, ప్రతిసారీ 5 మిల్లీమీటర్లే పెంచి, కండరాలు అలవాటు పడేదాకా ఆగాను. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మా అమ్మాయి పక్క నుంచి ఫోనులో వీడియో తీసి పెడితే, ఆ కోణాన్ని తెరమీద కొలుచుకున్నాను. సముద్రపు ఉప్పుగాలికి సీటు పోస్టు (సీటును మోసే గొట్టం) ఫ్రేములో పట్టేస్తుంది కాబట్టి, మన ఊళ్లో ఈ పని మొదలుపెట్టేవారు దానిని ముందు బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాయడం తప్పనిసరి. మార్చిన ప్రతిసారీ పోస్టు చుట్టూ నల్ల టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను.

సీటును ముందుకూ వెనక్కూ జరపడంలో పెద్దగా చెప్పవలసింది లేదు. రసమట్టంతో దానిని సమతలంగా ఉంచి, పెడల్ ముందుకు వచ్చినప్పుడు మోకాలు పెడల్ ఇరుసుకు సూటిగా పైన ఉండేలా దారం వేలాడదీసి చూశాను. ఇది శాస్త్రీయ నియమం కన్నా ఆనవాయితీయే అని నా అభిప్రాయం, అయితే ఆరంభానికి పనికివస్తుంది.

హ్యాండిల్ దగ్గరే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది, అందులో అధికభాగం సైకిల్‌ది కాక మనిషి దేహానిదే. 1993లో స్కాట్లాండ్ సైక్లిస్టు గ్రేమ్ ఓబ్రీ తానే తయారుచేసుకున్న సైకిల్ మీద, చేతులు ఛాతీ కిందికి ముడిచి, గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు సృష్టించగలిగాడంటే భంగిమ ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. అయినా స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) కింద ఎత్తు కోసం వేసే ఉంగరాల్లాంటి స్పేసర్లను ఒక్కొక్కటిగా తీసి హ్యాండిల్‌ను దించిన కొద్దీ, తొడలు పొట్టకు ఆని నా ఊపిరి పైపైనే ఆగింది, అరచేతులు తిమ్మిరెక్కాయి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంది. ఒక స్పేసర్ మాత్రమే తీసి, మిగిలినవి తిరిగి వేసి, మోచేతులను కొంచెం వంచి తొక్కడం నాకు అన్నివిధాలా సరిపోయింది. రుషికొండ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలిలో హ్యాండిల్ కింది వంపును పట్టుకుని ఇప్పుడు చాలాసేపు నిలవగలుగుతున్నాను.

మోకాలి నొప్పి పోయింది, అదే గుండె వేగానికి పట్టే సమయమూ తగ్గింది. అయితే ఆ తగ్గుదల మొత్తం అమరిక చలవే అనుకోకూడదు. నొప్పి లేకపోవడం వల్ల వారానికి మునుపటికంటే ఎక్కువ గంటలు తొక్కగలుగుతున్నాను, దమ్ము పెరగడానికి ఆ సాధనే ప్రధాన కారణమని నేను నమ్ముతున్నాను.

ఇక మిగిలింది క్రాంక్. ఇప్పుడున్న 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ స్థానంలో 165ది వేస్తే, పెడల్ పైకి వచ్చినప్పుడు తొడ అంతగా ముడుచుకోదు. సీటును మాత్రం 7.5 మిల్లీమీటర్లు పెంచాలి, ఆ పెంపుకు తగ్గట్టు హ్యాండిల్‌ను మళ్లీ చూసుకోవాలి.