ఎస్వీయూ ఇంజనీరింగ్‌లో సీటు వస్తుందా? లాస్ట్ ర్యాంకు పట్టికను చదివే పద్ధతి

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు తెలియగానే తిరుపతిలో అందరూ అడిగేది ఒకటే: ఎస్వీయూలో (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీలో) కంప్యూటర్స్ వస్తుందా? ర్యాంకు ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పలేం. అదే ర్యాంకుకు ఒకరికి సీటొస్తుంది, ఇంకొకరికి రాదు.

ముందు లోకల్ సంగతి తేల్చుకోవాలి. కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం ఎస్వీయూ ప్రాంతానివి, అంటే పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలవి. మిగతా 15 శాతం అన్‌రిజర్వుడ్, ఏ ప్రాంతానికీ కేటాయించనివి. ఇక్కడ పుట్టిన ఊరు, ఆధార్ అడ్రసు పనికిరావు, ఎక్కడ చదివారన్నదే లెక్క. తొమ్మిది, పది, రెండేళ్ల ఇంటర్ ఒకే ప్రాంతంలో చదివితే అదే లోకల్. అలా లేకపోతే ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అవుతారు. పది వరకు తిరుపతిలో చదివి ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు వెళ్లినా ఎస్వీయూ లోకలే. ఎనిమిదో తరగతికే అక్కడ చేర్పించి ఉంటే మాత్రం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతపు లోకల్ అయిపోతారు, ఎస్వీయూలో ఆ 15 శాతానికే పోటీపడాలి. నగరి, కుప్పం వైపు వాళ్లు ఇంటర్‌కు చెన్నై, బెంగళూరు పంపేముందు ఇది బాగా ఆలోచించాలి. ఏడేళ్ల లెక్క ఆ ఏడేళ్లూ రాష్ట్రంలో చదివినవాళ్లకే వర్తిస్తుంది.

తర్వాత లాస్ట్ ర్యాంకు పట్టికలు, అంటే ఒక్కో బ్రాంచిలో ఒక్కో కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూపేవి. ఒక్క ఏడాదిది చాలదు, మూడేళ్లవి దించుకోండి. మీ కేటగిరీ, అబ్బాయిలా అమ్మాయిలా అన్న కాలమ్ చూసి, మూడింట్లో అన్నిటికంటే ముందుగా ముగిసిన ర్యాంకును, అన్నిటికంటే దూరం వెళ్లిన ర్యాంకును పక్కపక్కన రాసుకోండి. మొదటిదానికంటే మీ ర్యాంకు మెరుగైతే దాదాపు నిశ్చింతే. రెంటి మధ్యలో ఉంటే అటో ఇటో చెప్పలేం. రెండోదాన్ని దాటితే ఆ బ్రాంచి మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఓసీ కాలమ్ కూడా తప్పక చూడండి. ఆ సీట్లు అందరివీ, మంచి ర్యాంకున్న బీసీ, ఎస్సీ పిల్లలకు అందులోనే వస్తాయి.

మూడేళ్లు ఎందుకంటే, ఒక్కో గడి వెనక ఉండే సీట్లు చాలా తక్కువ. అరవై సీట్ల బ్రాంచి అనుకోండి. లోకల్‌కు 51. అందులో బీసీ-ఏకు 7 శాతం అంటే మూడో నాలుగో, బీసీ-బీకి 5 సీట్లు, బీసీ-ఈకి 2 సీట్లు, బీసీ-సీకి ఒక్క శాతం కాబట్టి ఒకటి ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇద్దరు పిల్లలు వేరే కాలేజీకి వెళ్లిపోతే చాలు, ఆ గడిలో ర్యాంకు వేలల్లో జారుతుంది. పోయినేడు ఎవరికో ఫలానా ర్యాంకుకు వచ్చిందన్న మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

పరీక్ష ఇంకా రాయనివాళ్లకు వెయిటేజీ లెక్క. ఈఏపీసెట్ 160 మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం. ఇంటర్ గ్రూపును 600కు లెక్కేస్తే, ఈఏపీసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో పదకొండు మార్కులకు పైమాటే. 585 వచ్చినవాళ్లకూ 540 వచ్చినవాళ్లకూ తేడా నాలుగు ఈఏపీసెట్ మార్కులంతే. నెగిటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. సీబీఎస్ఈ లాంటి ఇతర బోర్డుల పిల్లలు తమ మార్కులు సమర్పించకపోతే ర్యాంకే రాదు.

ఏర్పేడు ఐఐటీ, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ దగ్గరే ఉన్నాయని లోకల్ లాభం ఆశించవద్దు, అక్కడ అంతా జాతీయ పోటీ. ట్రిపుల్ ఐటీకి జేఈఈ మెయిన్ ర్యాంకు, ఐఐటీకి అడ్వాన్స్‌డ్ ర్యాంకు. ఈ రెంటికీ సీట్లు కేటాయించే జాతీయ కౌన్సెలింగ్ జోసా. దాని పట్టికలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరుసల్లో ఉండేది ఆ కేటగిరీలోని ర్యాంకు, మొత్తం మీది ర్యాంకు కాదు. ఈఏపీసెట్ పట్టికలో మాత్రం అన్ని కాలమ్‌లలోనూ మొత్తం మీది ర్యాంకే ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానిలా చదివితే అంచనా పూర్తిగా తలకిందులవుతుంది. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అవుతారని కూడా లేదు, కేంద్ర జాబితాలో కులం పేరు చూసుకోవాలి.

మళ్లీ ఈఏపీసెట్‌కు వస్తే, కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచిలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వస్తుందనుకున్నది కాకుండా, కావాలనుకున్నది ముందు పెట్టండి. పైన పెట్టిన ఆప్షన్ రాకపోయినా కిందిదానికి నష్టం లేదు. కానీ తక్కువ ఆప్షన్లు పెడితే అసలు సీటే రాకపోవచ్చు. రెండో విడతలో ఇంకో సీటొస్తే మొదటిది దానంతటదే పోతుంది, కాబట్టి నిజంగా చేరాలనుకున్నవే అప్పుడు పెట్టాలి. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఈ ఏడాది తీసుకున్న ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ర్యాంకులు రాకముందే దగ్గర పెట్టుకోండి. పాత ఈడబ్ల్యూఎస్‌తో వెళితే ఓసీ కిందే లెక్కేస్తారు, పైన వేసుకున్న అంచనా అంతా మళ్లీ ఓసీ కాలమ్‌తో వేసుకోవాల్సి వస్తుంది.