రాగి జంతికల ముందు పోయిన నా లెక్కల పరువు

ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒకరకం కొవ్వు, 171. ఇవాళ సాయంత్రం రిపోర్ట్ చేతికొచ్చింది. పది వారాల కింద ఇదే ల్యాబులో 238 చూపించింది. 150 లోపు ఉండాలంటారు కాబట్టి గెలిచేశానని చెప్పను గానీ, బరువు కూడా మూడు కిలోలు తగ్గింది. రేపటికి ఈ ఊపు ఉండదని ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది గుంటూరు. మా వీధి చివర సాయంత్రం నాలుగున్నరకల్లా మిరపకాయ బజ్జీల మూకుడు పొయ్యెక్కుతుంది. పోయిన సంక్రాంతి నుంచి అటు చూడటమే మానేశాను. దానికి బదులు చిరుధాన్యాల కొట్లో రాగి జంతికలు, వేయించిన మఖానా కొనేదాన్ని. ఇంట్లో నేనే ఖర్జూరం లడ్డూలు చేసేదాన్ని, పంచదార లేకుండా. ఇంత నిష్ఠగా ఉన్నా బరువు తగ్గకపోగా పెరిగింది. ఆఫీసులో ఏటా చేసే పరీక్షల్లో ఆ 238 బయటపడింది. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి డైటీషియన్ దగ్గరికి పంపాడు. ఇంతవరకూ మామూలే.

"మీరు తినే చిరుతిళ్ళన్నీ ప్యాకెట్లతో సహా తీసుకురండి" అని ఫోన్‌లోనే చెప్పారు. నాకు సంతోషమే వేసింది. మెచ్చుకుంటారనుకున్నాను, నిజంగా. గుడ్డసంచిలో అన్నీ సర్దుకుని, లడ్డూలు మంచి స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. 700 ఫీజు కట్టి గంటన్నర కూర్చోబెట్టించుకున్నాను. లోపలికి పిలిచాక చూస్తే గదికి తలుపు లేదు, కర్టెన్ ఉంది. బయట బెంచీ మీదున్న వాళ్ళకు ప్రతి మాటా వినపడుతుంది. జనం బరువు గురించి మాట్లాడే చోట ఒక తలుపు పెట్టించడానికి ఎంతవుతుందండీ?

ఆ డైటీషియన్ నా కూతురి కంటే పదేళ్ళు పెద్దదేమో, అంతే. పక్కన ట్రైనింగ్‌కి వచ్చిన ఇంకో అమ్మాయి. "ఇంట్లో ఎలా తింటారో అలా ఈ ప్లేట్లో వేసుకోండి మేడం" అంది ఆవిడ. రాగి జంతికలు వేసుకున్నాను. "ఎంత ఉంటుందంటారు?" అని అడిగింది. "గుప్పెడు" అన్నాను. ప్లేటు తీసి తూకం మీద పెట్టింది. 75 గ్రాములు.

తర్వాత ప్యాకెట్టు వెనక్కి తిప్పి "ఇది చదవండి" అంది. కళ్ళజోడు సవరించుకుని "104 కేలరీలు" అని గట్టిగానే చదివాను. "పైన ఏం రాసుంది?" ఒక సర్వింగ్‌కి అని రాసుంది. సర్వింగ్ అంటే 20 గ్రాములట, ఆ ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 100 గ్రాములకు 520 కేలరీలు, కొవ్వు 28 గ్రాములు. అంటే నా గుప్పెడు 390 కేలరీలు. అందులో కొవ్వే 21 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో చెంచాన్నర నూనె తాగినట్టు.

"మేడం, మీరు ఏం చేస్తుంటారు?"

"అకౌంట్స్."

ట్రైనింగ్ అమ్మాయి పుక్కున నవ్వింది. నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అది ఇంకా మండింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ ఆడిటరూ నా పుస్తకంలో ఒక్క రూపాయి తేడా పట్టుకోలేదు. ఎవరైనా నాకు ఇన్వాయిస్ ఇస్తే ముందు చూసేది యూనిట్ రేటే. అలాంటిదాన్ని ఎనిమిది నెలలపాటు ఒక చిరుతిండి ప్యాకెట్టు దగ్గర యూనిట్ చూసుకోలేదు!

అక్కడితో వదల్లేదు. "ఇప్పుడు పదార్థాల లిస్టు చదవండి." బియ్యప్పిండి, పామోలిన్ నూనె, రాగిపిండి 12 శాతం. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలనేది రూలు. ప్యాకెట్టు ముందు వైపు రాగి కంకుల బొమ్మ వేసుకున్న తిండిలో రాగి కంటే నూనె ఎక్కువుందన్న మాట. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మా రోడ్డులో ఇలాంటి కొట్లు మూడు వెలిశాయి. కొర్రలు, అండుకొర్రలు అమ్మితే దండం పెడతాను, నూనెలో తేలిన జంతికను ఆరోగ్యం పేరు చెప్పి రెట్టింపు ధరకు అమ్మితే మాత్రం దాన్ని మోసమనే అంటాను. ఆ కొట్టాయన నన్ను "అక్కా, షుగరున్నా తినొచ్చు" అని ఎన్నిసార్లు నమ్మించాడో.

లడ్డూల డబ్బా తీసేసరికి కాస్త ధైర్యం వచ్చింది. సొంత వంట కదా. ఆవిడ కొలతలడిగి ఒక్కొక్కటీ రాసుకుంది: ఖర్జూరం 250 గ్రాములు, జీడిపప్పు 100, బాదం 100, నువ్వులు 50, నెయ్యి రెండు పెద్ద చెంచాలు. కూడితే 2,370 కేలరీల దాకా వచ్చింది. 14 లడ్డూలు. ఒక్కోటి 170. రోజుకు రెండు తినేదాన్ని.

"పంచదార ఒక్క గింజ కూడా వెయ్యలేదు" అన్నాను, గొంతు కొంచెం లేచింది. ఖర్జూరంలో 100 గ్రాములకు 60కి పైగా చక్కెరలే ఉంటాయట. ఇంతలో కర్టెన్ అవతల నుంచి ఒక పెద్దాయన "అమ్మా, మరి బెల్లం వేసుకోవచ్చా?" అని అడిగాడు. నా లడ్డూల మీద ఊరందరూ చర్చ! బెల్లానికీ పంచదారకీ కేలరీల్లో పెద్ద తేడా లేదని ఈవిడ ఇక్కడ నుంచే జవాబు చెప్పింది. జంతికలు, లడ్డూలు కలిపితే నా సాయంత్రం "లైట్ స్నాక్" 730 కేలరీలు. "దీని బదులు రెండు బజ్జీలు తిని ఊరుకున్నా నయమే మేడం" అని నవ్వుతూ అంది. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆ వాక్యమే.

నాలుగు రోజులు ఆవిడిచ్చిన కాగితం ముట్టలేదు. ఐదో రోజు కోపంతోనే డిజిటల్ తూకం కొన్నాను, ఆవిడ లెక్క తప్పని రుజువు చెయ్యడానికి. తప్పలేదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనల్లో లేబుల్ చదవమన్నది కూడా ఒకటి. మనకి ఇన్సూరెన్స్ కాగితం చదివే ఓపికే ఉండదు, ఇదెక్కడ చదువుతాం అనుకుంటాం గానీ, 100 గ్రాముల కాలమ్ ఒక్కటి చూసి, మనం తినేదెంతో ఒక్కసారి తూచుకుంటే చాలు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థం, ప్రొటీన్ 4. ఆ మూడు అంకెలు తెలిస్తే మిగతాది మూడో తరగతి హెచ్చవేత.

వంటింట్లో సగం సులువుగానే అయింది. మఖానా పచ్చిది కొని, సన్నసెగ మీద నూనె లేకుండా పది నిమిషాలు వేయించాను. వేళ్ళ మధ్య నొక్కితే పొడి అయిపోవాలి, అప్పుడే దించాలి. 40 గ్రాములకు అర టీచెంచా నూనె చివర్లో వేసి, ఆ జిడ్డుకే ఉప్పు, కారం, పసుపు పట్టించాలి. ముందే నూనె పోస్తే స్పాంజిలా తాగేస్తుంది, కారం అడుగునే ఉండిపోతుంది. ఇద్దరికి పంచితే మనిషికి 80.

మరమరాలు 30 గ్రాములంటే పెద్ద గిన్నె నిండుతుంది. ఉల్లిపాయ, టమాటా, కీరా, పచ్చిమిర్చి, నిమ్మరసం, లెక్కపెట్టి పది గ్రాముల పల్లీలు. అన్నీ కలిపి 190 లోపే. కొమ్ముశనగల గుగ్గిళ్ళయితే ఇంకా మేలు, రాత్రి దాకా ఆకలి వెయ్యదు. తాలింపు నూనె మాత్రం టీచెంచాతో కొలవాలి. మా అత్తయ్య సీసాతో వంపుతారు. ఒకరోజు ఆవిడకు తెలియకుండా సీసాను ముందూ వెనకా తూచాను, 31 గ్రాములు! అంటే దాదాపు 280 కేలరీలు ఒక్క తాలింపుకే. తర్వాత చెబితే "నూనెను కూడా తూస్తావా అమ్మాయ్, ఇంకా నయం, నన్ను తూచలేదు" అన్నారు.

లడ్డూ కూడా దారికొచ్చింది. ఖర్జూరం 150, బాదం 30, నువ్వులు 20, జొన్నపేలాల పిండి 60 గ్రాములు, నెయ్యి లేదు. చేతికి అంటుకుంటుంది, తడి చేత్తో చుట్టాలి. 20 వచ్చాయి, ఒక్కోటి 46 కేలరీలు. గొప్ప కనిపెట్టేశానని రెండు రోజులు మా ఆయన ముందు డబ్బా కొట్టుకున్నాను. తర్వాత సరిగ్గా లెక్కేస్తే గ్రాముకు నాలుగున్నర ఉన్నది మూడున్నర అయింది, అంతే. మిగిలిన తేడా అంతా సైజుదే. 38 గ్రాముల లడ్డూ 13 గ్రాములైంది. గోలీకి అన్నయ్య.

జంతికల దగ్గర మాత్రం ఓడిపోయాను. నూనె లేకుండా పిండి కలిపి ఓవెన్‌లో 180 డిగ్రీల్లో పెడితే రాళ్ళొచ్చాయి. అత్తయ్య ఒకటి నోట్లో పెట్టుకుని, తీసి, "నాకున్నవే నాలుగు పళ్ళు" అని పళ్ళెంలో పెట్టేశారు. పిండిలో కాచిన నూనె రెండు చెంచాలు, కాస్త పెరుగు వేసి ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేస్తే విరిగాయి, బిస్కట్లలా. ఆ గుల్లదనం మరిగే నూనెది, దానికి దొంగదారి నాకు దొరకలేదు. వీడియోల్లో "అచ్చం అలాగే ఉంటాయి" అనేవాళ్ళని ఒకసారి అత్తయ్య ముందు కూర్చోబెట్టాలి.

రేపు మళ్ళీ అపాయింట్‌మెంట్. ఇంకో 700. లడ్డూలు ఓ పది డబ్బాలో సర్దాను, రిపోర్టు కూడా పైనే పెట్టాను. ఆ నవ్విన అమ్మాయి ఉంటే మాత్రం మూత తీయను.