నీటి కదలికను చదివే ఉద్యోగం

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక పరిశోధనశాలలో నాలుగేళ్లుగా నేను చేస్తున్నది, ఎమ్మారై స్కానులో తెలిసే నీటి కదలికను బట్టి మెదడులో నరాల దారులు ఎటు సాగుతున్నాయో కంప్యూటరులో లెక్కగట్టి గీసే పని. మొన్నటి సెలవులకు మర్రిగూడ మండలంలోని మా ఊరికి వచ్చి ఈ మాట చెబితే, మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు ఏళ్లకేళ్లు ఫ్లోరైడు బోరునీళ్లు తాగి నడుము వంగిపోయిన మా పెద్దనాయిన, "మెదడుల నీళ్లెక్కడియి, బిడ్డా?" అని అడిగాడు.

దున్నిన చెలకలో వాననీళ్లు చాలు వెంట పారినంత సులువుగా చాళ్లకు అడ్డంగా పారవు కదా, నరాల పోగుల మధ్య నీటి అణువులూ అంతేనని చెప్పాను. సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో అవి కదిలేది సుమారు 10 మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అయినా, ఏ దిక్కున ఎక్కువ కదిలాయో స్కానరు పట్టుకుంటుంది. అయితే స్కాను బొమ్మలో మేము కొలిచే ఒక్కో గడి దాదాపు 2 మిల్లీమీటర్లు, నరపు పోగు మందం మైక్రాను అటూ ఇటూ. అందుకే తెరమీద రంగురంగుల గీతలు నరాలు కావు, లక్షల పోగుల సగటు నుంచి మేము చేసిన ఊహలు. 2017లో వెలువడిన ఒక పరీక్షలో 20 బృందాలు పంపిన 96 ఫలితాలను అసలు దారులు ముందే తెలిసిన నమూనాతో పోల్చి చూస్తే, చాలా పద్ధతులు నిజమైన నరాల పోగుల కట్టల్లో 90 శాతాన్ని ఎంతో కొంత పట్టుకున్నాయి కానీ, లేని కట్టలను అంతకంటే ఎక్కువగా గీశాయి.

ఈ సంగతి నాకు మొదటి ఏడాదే అనుభవంలోకి వచ్చింది. స్కానరు ఏయే దిక్కుల్లో కొలిచిందో చెప్పే పట్టికలో కుడి ఎడమల గుర్తు తారుమారైంది, బొమ్మ మాత్రం కంటికి ఇంపుగానే ఉంది. మెదడు రెండు అర్ధగోళాలను కలిపే కట్ట, నుదుటి వైపు కొమ్ముల్లా విచ్చుకోవలసిన చోట, పుటుక్కున తెగిపోయి కనిపించేసరికి మూడు వారాల లెక్కలు వృథా అయ్యాయి. ఇప్పుడు ఎవరి స్కాను వచ్చినా ముందుగా ఆ కొమ్ములే చూస్తాను.

అంతా విన్న పెద్దనాయిన లోపలినుంచి తన మెడ ఎమ్మారై ఫిల్ము తెచ్చి, గడపలో వెలుతురుకెత్తి పట్టాడు. వెన్నుపాము సన్నగా నొక్కుకుపోయిన చోటు స్పష్టంగా ఉంది. దాన్ని నొక్కుతున్నది మాత్రం ఉత్త నల్లటి పట్టీ. గట్టి ఎముకలో కదిలే నీరు బహు తక్కువ కాబట్టి ఎమ్మారైలో అది నల్లగానే ఉంటుందని, వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీ (లిగమెంటు) ఎముకలా గట్టిపడి ఎంత మేర పెరిగిందో తేలాలంటే సీటీ తీయించాలని చెప్పాను.

ఫిల్మును జాగ్రత్తగా కవరులో పెడుతూ, "అయితే నువ్వు వొయ్యేలోపే నల్లగొండకు తీస్కపో" అన్నాడు.