‘అయితాది’ అంటే ఎన్ని మీటర్లు?

“అయితాది అన్నావు. ఎప్పటికి? ఎన్ని మీటర్లు?”

కువైట్‌లో కొత్తగా ఫోర్‌మన్ అయిన కడప బేల్దారికి మిస్రీ (ఈజిప్టు) ఇంజనీర్ చేతిలో మొదట పడే చీవాట్లు ఇవే. టైల్ వంకర పోయిందని కాదు, పని రాదనీ కాదు. గురువారానికి అయిపోవాల్సిన కారిడార్ మిగిలిపోయింది, ఆ సంగతి గురువారం సాయంత్రం దాకా ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. అదీ తప్పు.

మనసు చివుక్కుమంటుంది. మనం అబద్ధమాడలేదు కదా! పెద్దాయన అడిగితే మొహం మీదే ‘కాదు’ అనమని మన ఇళ్లలో ఎవరు నేర్పినారు? బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటాం. గడప దాటేవాడు ‘పోతా’ అనకూడదు, ‘పోయొస్తా’ అనాల. ఖాళీ డబ్బాను నిండుకుందని చెప్పే నోటికి ‘సార్, టైల్ అతికించే గమ్ బ్యాగులు లేవు’ అనే మాట అంత సులభంగా వస్తుందా? మనకు ‘అయితాది సార్’ ఒట్టి మర్యాద. ఆయన దాన్ని తేదీగా రాసుకుంటాడు. (సెలవు ఎప్పుడిస్తారని మనం అడిగినప్పుడు మాత్రం ‘బుక్రా’, అంటే రేపు, అంటారు. ఆ బుక్రాకు ఏ తేదీ ఉండదు. సరే, అది వేరే కథ.)

అసలు తేడా మనుషుల్లో కంటే పనిలో ఉంది. ఎర్రగుంట్ల నాపరాయి పరిచేటప్పుడు కింద సిమెంటు, ఇసుక మాలు పచ్చిగా ఉంటుంది. రబ్బరు సుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూసి, నచ్చకపోతే బండ లేపి మళ్లీ వేసుకోవచ్చు. కూలి చదరపు అడుగు లెక్క కాబట్టి రెండు రోజులు ఆలస్యమైతే నష్టం చాలావరకు మేస్త్రిదే. ఇంటాయన ఇంకో టీ తెప్పించి సర్దుకుంటాడు. అక్కడ ‘అయితాది’ ఎవరి కొంపా ముంచదు. ఇక్కడ కువైట్‌లో మన వెనకాల వేరే పనోళ్ల వరస ఉంటుంది. నేల ఎత్తు తేలితే గానీ వడ్రంగి తలుపు అడుగు కోయలేడు. గోడ అడుగున స్కర్టింగ్ పట్టీ పడితే గానీ పెయింటర్ చివరి కోటు వేయడు. ఎవరు ఏ సైటుకు పోవాలో ముందురోజే రాసేసి ఉంటారు. మన మొహమాటం వల్ల వాళ్లొచ్చి ఖాళీగా కూర్చుంటారు.

అందుకని జవాబు లెక్కలో ఉండాల. కారిడార్ 180 చదరపు మీటర్లు, ముగ్గురు బేల్దార్లు, మనిషికి రోజుకు 12 చదరపు మీటర్లు అనుకుంటే రోజుకు 36, పరచడానికే ఐదు రోజులు. 60×60 సెంటీమీటర్ల టైల్‌కు 10 మిల్లీమీటర్ల పళ్ల తాపీతో మీటరుకు సుమారు 5 కిలోల గమ్ పడుతుంది. 20 కిలోల బ్యాగు 4 మీటర్లకు వస్తుంది, మొత్తం 45 బ్యాగులు. చివరి టైల్ పడ్డాక కనీసం 24 గంటలు ఎవరినీ తొక్కనీయకూడదు, సందులు నింపే గ్రౌట్ ఆ తర్వాతే. కాబట్టి నోట్లోంచి రావాల్సిన అంకె ఐదు కాదు, ఆగడానికి ఒకటి, గ్రౌట్‌కు ఒకటి కలిపి ఏడు. బాల్కనీ, మిద్దె పనైతే రోజుకు మీటర్ల లెక్క ఇంకా తగ్గించుకోవాల. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని నిషేధం. అది తెలిసి కూడా జూలైలో ఫిబ్రవరి లెక్క చెప్పేవాళ్లున్నారు.

పని వెనకబడే సూచన కనబడిన రోజే మెసేజ్ పోవాల, ఇట్లా: “మూడో అంతస్తు కారిడార్. 180లో 108 అయినాయి, 72 ఉన్నాయి. 18 బ్యాగులు కావాల. రేపు పొద్దున రాకపోతే గురువారానికి కాదు, శనివారానికి.” దీంతోపాటు ఒక ఫోటో. ఇంజనీర్ విసుక్కుంటాడు, కానీ అరవడు. వడ్రంగి బస్సును ఇంకో సైటుకు తిప్పుకోవడానికి ఆయనకు రాత్రంతా టైముంది.

ఇంతవరకు పైవాళ్లతో మాట్లాడే సంగతి. కష్టమైనది కిందివాళ్ల దగ్గర. మన ఊరి పిల్లోడే మనల్ని చూసి ‘అయితాది అన్నా’ అంటాడు, మనం ఇంజనీర్‌తో అన్నట్టే. వాణ్ని ‘అయితాదా?’ అని అడిగితే వచ్చే జవాబు అదొక్కటే. ‘ఇంకెన్ని మీటర్లుంది? బ్యాగులెన్ని?’ అని అడగాల, అదీ నలుగురి ముందు కాదు.

గమ్ దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. పూసినాక 20 నిమిషాల్లో టైల్ పెట్టాలని బ్యాగు మీద రాసుంటుంది. మిద్దె మీద వడగాలికి అది పది నిమిషాలు కూడా ఆగదు, పైన తోలు కడుతుంది. వేలితో తాకితే వేలికి అంటదు. ఒకేసారి మూడు టైల్స్‌కు మించి పూయకూడదు, అంటకపోతే గీకి పారేయాల. పారేస్తే తిట్లు పడతాయని భయపడిన పిల్లోడు బకెట్‌లో చెంబుడు నీళ్లు పోసి కలిపి అదే పూస్తాడు. ఆ రోజుకు టైల్ కూర్చుంటుంది. కొన్నాళ్లకు కర్రతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. దాన్ని తీయబోతే పక్క టైల్ అంచు పగులుతుంది, అదే షేడ్ పెట్టె మళ్లీ దొరకదు. బ్యాగు గమ్‌కు లెక్క చూసుకున్నందుకు ఒక వరసంతా పోతుంది.

“అన్నా, బకెట్ గట్టిపడింది.”

“పారెయ్ అబ్బీ. నీడలో కొత్తది కలుపు, సగం బ్యాగే.”

వాడు ఇంకోసారి మన మొహం చూస్తాడు, తిడతామేమోనని. తర్వాత బకెట్ బోర్లిస్తాడు.